కాగితంలో సరిగానే ఉంది

సోంపేట
10 జూన్ 2002

బావా,

క్షేమసమాచారాలు ఈసారికి మానేద్దాం. నా క్షేమం ఏపాటిదో నీకు తెలుసు. నువ్వు నా పక్కనే ఉన్నావు కదా ఆ రోజు.

మే పన్నెండు తర్వాత నేను మన చర్చి గుడి మెట్లెక్కలేదు. గంట వినపడగానే మా ఇంటిది రత్నాలమ్మ చీర మార్చుకుని బయల్దేరుతుంది. నేను పెరట్లోకి పోయి కొబ్బరిమట్టలు చీరుతూ కూర్చుంటాను. సంఘ పెద్ద పదవికి రాజీనామా రాసిచ్చేశాను. ఎవరూ వద్దనలేదు. వద్దంటారేమోనని రెండు రోజులు ఎదురుచూశాను చూడు, అదే ఎక్కువ సిగ్గుగా ఉంది.

ముప్పై ఏళ్లు పెళ్లి ప్రకటనలు చదివాను. మూడు ఆదివారాలు పిల్లవాడి పేరు, పిల్ల పేరు సంఘం ఎదుట చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమని అడిగితేగాని మనలో పెళ్లి జరగదు. ఎన్నడూ ఒక పేరు తప్పింది లేదు. ఆ రోజు జేమ్స్ చిన్న కూతురు కృపకీ, టెక్కలి కుర్రాడికీ మొదటి ప్రకటన. కృప అనాల్సిన చోట నా నోట కెజియా అని వచ్చింది. దాని అక్క పేరు. నాలుగేళ్ల కిందట ఇలాగే రెండు ప్రకటనలయ్యాక సంబంధం తప్పిపోయి, చెల్లెలికి ముందు పెళ్లవుతుంటే ఏమీ పట్టనట్టు చాపమీద కూర్చున్న పిల్ల. తన పేరు చెల్లెలి పెళ్లికొడుకు పేరు పక్కన వింది. లేచి వెళ్లిపోయింది. టెక్కలి వాళ్లు ముసిముసిగా నవ్వారు. జేమ్స్ నావైపు చూసిన చూపు నీకు నేను చెప్పక్కర్లేదు.

నువ్వు రాసిచ్చిన కాగితం నా చేతిలోంచి నువ్వే తీసుకున్నావు. చూశావు. "కాగితంలో సరిగానే ఉంది" అన్నావు. జేబులో పెట్టుకున్నావు. ఆ మాటతో నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే, బావా, కాగితంలో కెజియా అని చూసినట్టే నాకు గుర్తు. నీ గుండ్రటి అక్షరాలతో సహా గుర్తు. లేనిది కంటికి కనిపించిందంటే ఇక ఈ బుర్రలో ఏముందని నమ్మను?

ఆ మరుసటి వారమే నువ్వు పలాస, కూతురి దగ్గరికి వెళ్లిపోయావు. నీకు కూడా నా పక్కన కూర్చోవడం సిగ్గయిందేమో. తప్పు పట్టను.

యోబు


పలాస
19 జూన్ 2002

యోబు బావకు సైలస్ వందనాలు.

నీ పక్కన కూర్చోవడం సిగ్గని ఎవరన్నారు? నయోమికి జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు పని, పొద్దున్న పోతే సాయంత్రానికి గాని రాదు. ఇల్లు కనిపెట్టుకునే మనిషి లేడని రమ్మంది. అంతే. నీ చెల్లెలు పోయాక నాకు మాత్రం అక్కడ ఎవరున్నారు?

నీ సంగతి ఇక్కడ ఫణిశంకర్ అనే డాక్టరుకి చెప్పాను. నెమ్మదస్తుడు, పేద్ద గొంతు. వయసుతో మరుపు అందరికీ కొంత వస్తుంది, కొందరికి ఎక్కువ వస్తుంది, వచ్చినదాన్ని వెనక్కి తోలే మందు తన దగ్గర లేదన్నాడు. కానీ బతుకు తీరు మార్చుకుంటే అది వచ్చే వేగం తగ్గవచ్చట. "తగ్గుతుందని ప్రమాణం సెయ్యను. తగ్గొచ్చు అంటన్నాను," అని రెండుసార్లు అన్నాడు. అంచేత చెప్పినట్టు విను. బీపీ బిళ్ల రోజూ వేసుకో, బాగున్నావని మానకు. ఎండుచేపా, ఊరగాయా తగ్గించు. చుట్ట మానెయ్యి. రోజూ అరగంట ఒళ్లు వేడెక్కేలా నడువు. రాత్రి నిద్ర సరిగా పట్టాలి. చెవి మందమైతే చూపించుకో, వినపడని మనిషి మాటలు మానేస్తాడు, మాటలు మానేసినవాడి బుర్ర తుప్పు పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ముడుచుకుని కూర్చోకూడదు. నలుగురిలో ఉండాలి. ఏదైనా కొత్తది నేర్చుకోవాలి. చేత్తో ఉత్తరాలు రాయడం కూడా మంచిదేనన్నాడు, కాబట్టి పక్కింటి ఫోనుకి చెయ్యకు. రాయి.

అయిందేదో అయింది. ఆ కాగితం గురించి మరి ఆలోచించకు.

సైలస్


సోంపేట
14 జూలై 2002

బావా,

నీ డాక్టరు చెప్పినవన్నీ రత్నాలమ్మకి చదివి వినిపించడం నాది బుద్ధి తక్కువ. మర్నాటి నుంచి నా కంచంలో ఉప్పు లేదు. "ఉప్పుంటేనే తింటావేటి, అలాగే మింగు," అంటుంది. చుట్ట మాత్రం నిజంగానే మానేశాను. ఆవిడ తన అడ్డచుట్ట మానలేదు. నిప్పు నోట్లో పెట్టుకుని నాకు నీతులు చెబుతుంది.

నడుస్తున్నాను. అయితే ఊరి దారిన కాదు, జీడితోటల వెనకనుంచి. ఊరి దారిన పోతే జనం నాకు పరీక్ష పెడుతున్నారు. మొన్న చిట్టిబాబు కొట్టు దగ్గర నలుగురు ఆపారు. "మాస్టరూ, నా పేరేటి సెప్పు సూద్దుం," అని ఒకడు. వాడికి ఎక్కాలు నేర్పింది నేనే. వాడి పేరు, వాడి నాన్న పేరు, వాడు మూడో తరగతిలో ఎందుకు దెబ్బలు తిన్నాడో కూడా చెప్పాను. నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంట్లో ఇంకో రకం. సంతకి పంపడం మానేసింది రత్నాలమ్మ. దీపం ఆర్పానో లేదో చూడ్డానికి నా వెనకే వస్తుంది. ఆవిడ చూస్తుంటే నాకూ అనుమానమే. తలుపు గడియ మూడుసార్లు తడిమి చూసుకుంటున్నాను. బైబిల్లో అన్నిటికన్నా పొడుగైన నూటపంతొమ్మిదో కీర్తన మొత్తం ఒక్క మాట పోకుండా అప్పజెప్పగలను, మనిషి ఎదురుపడి పలకరిస్తే నోరు పెగలదు. ఎక్కడ ఏ పేరు తప్పుతానో అని. నేర్చిన పాఠం మీద నమ్మకముంది, నా మీదే లేదు.

ఒక పని మాత్రం చేశాను. కెజియా ఇంటికి వెళ్లి తప్పయిందని చెప్పాను. రెండు నెలలు పట్టింది ఆ గుమ్మం దాకా నడవడానికి. ఆ పిల్ల తిట్టలేదు. "కూకో తాతా," అని పీట వేసింది. ఇచ్ఛాపురం బడిలో పని చేస్తుంది కదా, అక్కడి పిల్లల కోసం ఒడియా నేర్చుకుందట. నేను సంతలో మాట్లాడే ఒడియానే గాని అక్షరం రాదన్నాను. నేర్పుతానంది. అరవై తొమ్మిదేళ్ల వయసులో పలక పట్టుకున్నాను. నీ డాక్టరుకి చెప్పు.

యోబు


పలాస
2 ఆగస్టు 2002

బావకు,

ఒడియా నేర్చుకోవడం మంచిదే. నలుగురిలో ఉండడం ముఖ్యం. చుట్ట మానెయ్యి.

కెజియా దగ్గరికి నువ్వెందుకు వెళ్లావు? వెళ్లకుండా ఉంటే బాగుండేది. అయిపోయినదాన్ని కెలికితే ఏమొస్తుంది?

ఇక్కడ వానలు. మా వీధిలో ఒక ముసలాయన మొన్న స్టేషనుకి పోయి పేపరు కొనుక్కుని, తిరిగొచ్చే దారి తెలియక కాశీబుగ్గ దాకా నడిచిపోయాడట. ఎవరో ఆటో ఎక్కించి తెచ్చారు. ఆయన కూతురు ఏడ్చింది. ఇలాంటివి వింటుంటే మనసు బాగోదు.

రోజూ నడువు. చుట్ట మాత్రం మానెయ్యి, డాక్టరు మరీ మరీ చెప్పాడు.

సైలస్


సోంపేట
20 ఆగస్టు 2002

బావా,

చుట్ట మానేశానని రాశాను. నువ్వు రెండుసార్లు మానెయ్యమన్నావు. కవరు మీద నా పేరుకి బదులు నీ పేరే రాశావు, పోస్టుమేను నవ్వుతూ ఇచ్చిపోయాడు. నౌపడ గూడ్సు ఆఫీసులో ఉప్పు వ్యాగన్లకు రశీదులు రాసిన చెయ్యి అది. ఒక్క కొట్టివేత ఉండేది కాదు. నీకు ఒంట్లో బాగుందా? ఆ ముసలాయన ఎవరు? మీ వీధిలో నేనెరగని ముసలాయన ఎవరున్నారు?

నిన్న పాఠం అయ్యాక కెజియా అడిగింది. "తాతా, నువ్వు కాయితం నుంచి తలెత్తకుండా సదువుతావు. నా సిన్నప్పటినుండి సూత్తన్నాను. మరి ఆ రోజు కాయితంలో ఏటుంది?" సరిగానే ఉందని సైలస్ చూసి చెప్పాడన్నాను. "నువ్వు మళ్లీ సూసినావా?" అంది. లేదన్నాను. ఆ పిల్ల పలక తుడిచి ఇచ్చింది.

నేను నిన్ను ఏమీ అనడం లేదు. అడుగుతున్నాను. ఆ కాగితంలో ఏముంది, బావా?

యోబు


పలాస
5 సెప్టెంబరు 2002

బావా,

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నాను. నయోమికి చూపించి, తప్పులు దిద్దించి పంపుతున్నాను. దానికి కూడా ఇప్పుడే తెలిసింది.

కాగితంలో కెజియా అనే ఉంది. రాసింది నేను. నాలుగేళ్ల కిందట ఆ పిల్ల ప్రకటన రాసిందీ నేనే. జేమ్స్ కుమార్తె అని రాయగానే చెయ్యి దానంతటది పాత పేరు రాసేసింది. నువ్వు ఉన్నది ఉన్నట్టు చదివావు.

కాగితం చూడగానే నాకు భయమేసింది. ఎందుకంటే అది మొదటి తప్పు కాదు. అంతకు ఏడాది ముందు నుంచే నాకు తెలుస్తోంది. గుడి తాళం పెట్టిన చోటు, సంఘం మినిట్సు, నీ చెల్లెలు పోయిన తేదీ. ఒక్కొక్కటీ జారుతుంటే ఎవరికీ తెలియకుండా చీటీలు రాసి జేబులో పెట్టుకు తిరిగాను. ఆ రోజు అందరూ నీవైపు చూస్తున్నారు. నావైపు ఎవరూ చూడటం లేదు. సరిగానే ఉంది అన్న మాట నోట్లోంచి వచ్చేసింది. ఆ సాయంత్రమైనా చెబుదామనుకున్నాను. మర్నాడు చెబుదామనుకున్నాను. నువ్వు రాజీనామా ఇచ్చావని తెలిసి, ఇంకేం మొహం పెట్టుకుని చెప్పనని పలాస పారిపోయి వచ్చాను.

ఫణిశంకర్ దగ్గరికి వెళ్లింది నా కోసం. "మా బావకి" అని చెప్పి నా లక్షణాలన్నీ చెప్పాను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, నీ పేరు చెప్పి నా జబ్బుకి సలహా అడిగాను. ఆయన "మీ బావగార్ని తీసుకురండి," అంటే, రావడానికి సిగ్గుపడుతున్నాడన్నాను. నీకు రాసినవేవీ నేను చెయ్యలేదు. నడుద్దామంటే దారి తప్పుతానని భయం. నలుగురిలో కూర్చుంటే తెలిసిపోతుందని భయం. తలుపేసుకుని కూర్చున్నాను. కాశీబుగ్గ దాకా పోయిన ముసలాయన నేనే.

నువ్వు బాగానే ఉన్నావు బావా. నీ బుర్రకి ఏమీ కాలేదు. నేనే పాడుచేశాను.

సైలస్


సోంపేట
9 సెప్టెంబరు 2002

సైలస్,

నాలుగు నెలలు. నేను చదువు చెప్పినవాళ్లు తమ పేర్లు చెప్పమని నన్ను ఆడించారు. కట్టుకున్నది నా వెనక దీపాలు ఆర్పింది. రాత్రుళ్లు నా పిల్లల పేర్లు నాకు నేను అప్పజెప్పుకున్నాను, పొద్దుటికి ఉంటాయో ఉండవో అని. ఇవన్నీ నీకు రాస్తుంటే, చదివి, చుట్ట మానెయ్యమన్నావు.

నీకు జబ్బయితే నాతో చెప్పలేవా? నా చెల్లెల్ని నీకిచ్చాం. నువ్వు తప్పు రాస్తే నేను నవ్వి దిద్దేవాణ్ణి. నా తల తీసి నీ సిగ్గు మీద మూత పెట్టుకున్నావు.

నాకు ఉత్తరాలు రాయకు. నేను పోతే నా శవపెట్టె దగ్గరికి కూడా రాకు. నీ మొహం నాకు చూపించాలంటే ముందు సంఘం ఎదుట నిలబడి, ఆ పిల్ల ఎదుట నిలబడి, ఏం చేశావో నీ నోటితో చెప్పు. అది మరిచిపోయానని మాత్రం అనకు.

యోబు


పలాస
7 మార్చి 2004

ప్రియమైన బావకు,

నువ్వు రాసిన ఉత్తరం ఈరోజు అందింది. నువ్వన్నదాంట్లో ఒక్క మాట తప్పు లేదు. కాగితంలో కెజియా అని రాసింది నేనే. సరిగానే ఉందని అబద్ధమాడాను. సంఘం ఎదుట చెబుతాను. నాకు దారి తెలియదు, నయోమి తీసుకొస్తుంది. వచ్చే ఆదివారమే వస్తాను. అప్పటిదాకా నన్ను అసహ్యించుకోకు.

నీ బావ సైలస్

మావా, నేను నయోమిని. ఈ కాగితం అడుగున రాస్తున్నాను. నాన్న ఈ ఉత్తరం రాయడం ఇది ఎన్నోసారో నేను లెక్కపెట్టడం మానేశాను. ఇంతకుముందువి పోస్టు చెయ్యలేదు. నువ్వు కోపంగా రాసిన ఆ ఉత్తరం తలగడ కింద పెట్టుకున్నాడు. రోజూ తీసి చదువుతాడు, రోజూ ఆ రోజే వచ్చిందనుకుంటాడు. "సూడవే, యోబు ఏటి రాసినాడో," అని నాకు చూపించి ఏడుస్తాడు. "నాన్నా, నువ్వు ఏడాదిన్నర కిందటే ఎల్లి సెప్పేసినావు, మావ నీ సెయ్యి కూడా పట్టుకున్నాడు," అంటే నమ్మడు. "అలగైతే కాయితం ఏది?" అంటాడు. ఇప్పుడు నోటి మాటేదీ నిలవడం లేదు మావా. రాసిందే నమ్ముతాడు. ఆ ఉత్తరం దాచేద్దామంటే దానికోసం ఇల్లంతా వెతుకుతాడు. ఆ సెప్టెంబరు తర్వాత ఒక ఏడాది పొద్దున్నే నడిచాడు, బిళ్లలు వేసుకున్నాడు, ఫ్యాక్టరీ సెలవు రోజుల్లో నాతో కూర్చుని పాటలు పాడాడు. కొన్నాళ్లు నిలబడ్డాడు. ముందే తీసుకొచ్చుంటే బాగుండేదని డాక్టరు అన్నాడు గాని, ఆ మాట నేను నాన్నకి చెప్పలేదు. నీకు చెప్పడానికి కూడా సిగ్గుగానే ఉంది, ఇంట్లో ఉన్నదాన్ని నాకే తెలియలేదు. ఏం చెయ్యమంటావు?


సోంపేట
11 మార్చి 2004

నయోమీ,

దీనితో పాటు ఉన్న రెండో కాగితం మీ నాన్నది. ఆ పాత ఉత్తరం ఉన్న చోటే దీన్ని పెట్టు. పాతది పొయ్యిలో వెయ్యి. ఆయన వెతికితే ఇది చేతికివ్వు. ఆ మాటలు రాసింది నేను, చదవవలసింది ఆయన అయింది. నాకు ఎవరికీ మొహం చూపించాలని లేదు. క్రిస్మసుకి మీ ఇంటికి వచ్చినప్పుడు కూడా పాత సంగతి ఎత్తకూడదని, మర్యాద అనుకుని, నోరు మూసుకు కూర్చున్నాను. అప్పుడే తలగడ కింద అది ఉందని తెలిసుంటే బాగుండును.

మావ


సైలస్ బావా,

ఇది నేను, యోబును. నీ పెళ్లాం అన్నను. నీకు గుర్తులేని ఒక సంగతి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా బుర్ర బాగానే ఉందని నువ్వే రాసిచ్చావు గనక నమ్ము.

2002 సెప్టెంబరు 22, ఆదివారం. నువ్వు పొద్దుటి పాసెంజరులో నయోమితో వచ్చావు. తెల్ల చొక్కా వేసుకున్నావు, గుండీలు ఒకదాని కన్నంలో ఒకటి పెట్టుకున్నావు. ప్రకటనల వేళ లేచి నిలబడ్డావు. జేబులోంచి చీటీ తీశావు, అది చేతిలోంచి జారి పడిపోయింది. వంగి తీసుకోలేదు. "యోబు తప్పు సదవలేదు. తప్పు రాసినోణ్ణి నాను. అబద్ధమాడినోణ్ణి నాను. నాకు మరుపు జబ్బు వచ్చినాది, సెప్పడానికి సిగ్గేసి ఆణ్ణి మరుపోణ్ణి సేసినాను," అన్నావు. చీటీ లేకుండా అన్నావు. ఒక్క మాట తడబడలేదు.

అప్పుడు కెజియా లేచింది. "నా పేరు సదివినందుకు కాదు నాకు బాధ. ఆ తరవాత మీరందరూ నన్ను సూసి పక్క సందులోకి తప్పుకున్నారు, యోబు తాతనీ అలాగే తప్పుకున్నారు. గుమ్మంలోకొచ్చి తప్పయిందన్నది ఈ తాతొక్కడే. ఇప్పుడు నువ్వు," అంది. జేమ్స్ తల దించుకున్నాడు. చిట్టిబాబు కొట్టు దగ్గర నాకు పేర్ల పరీక్షలు పెట్టినవాళ్లందరూ దించుకున్నారు. రత్నాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను లేచి నీ దగ్గరికి వచ్చాను. నీ చెయ్యి పట్టుకున్నాను. నీ గుండీలు విప్పి సరిగా పెట్టాను. "క్షమించాను బావా," అన్నాను. సంఘమంతా విన్నారు. మా ఇంట్లో భోంచేశావు. ఉప్పు లేని చేపల పులుసు. బాగాలేదన్నావు. నిజంగానే బాగాలేదు.

అవన్నీ నోటితో అన్నాను. కాగితం మీద పెట్టలేదు. కోపం మాత్రం అప్పటికప్పుడు ఇంకు పోసి రాశాను. నీ దగ్గర అదే మిగిలింది. నన్నూ క్షమించు.

నువ్వు వచ్చావు. చెప్పావు. అయిపోయింది. మళ్లీ రానక్కర్లేదు. క్షమించాను.

రేపు చదివినా ఇదే ఉంటుంది.

యోబు